గోల్డెన్ బ్యారెల్ కొనాలా, ఇంకో గుండ్రటి కాక్టస్ చూసుకోవాలా?

గుండ్రంగా, ఒళ్ళంతా పసుపుపచ్చ ముళ్ళతో మెరిసిపోయే కాక్టస్‌ని హోటళ్ళ ముందో, గేటెడ్ కమ్యూనిటీ గేటు పక్కన తెల్లరాళ్ళ మధ్యనో మీరు చూసే ఉంటారు. అదే గోల్డెన్ బ్యారెల్. మా బాల్కనీలో బతుకుతుందా, పువ్వు ఎప్పుడొస్తుంది, ఎర్రముళ్ళది బాగుంటుందా ఇది బాగుంటుందా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నా సమాధానం ముందే చెప్పేస్తాను. రోజుకి అయిదారు గంటలు నేరుగా ఎండ పడే చోటు మీకుండి, ఆకారం కోసం, ముళ్ళ కోసం కొనుక్కునేవాళ్ళయితే గోల్డెన్ బ్యారెల్‌ని మించింది లేదు. పువ్వే కావాలంటే వేరేది చూసుకోండి. ఎండే లేదంటే బ్యారెల్ కాక్టస్‌ల జోలికే పోకండి, ఏది కొన్నా ఏడాది తిరిగేసరికి సన్నగా పొడుచుకొచ్చి పాలిపోయి చూడబుద్ధి కాకుండా తయారవుతుంది.

ఇక వివరాల్లోకి వెళ్దాం, ఎందుకంటే డబ్బులు పోయేదీ మిగిలేదీ వాటి దగ్గరే.

దీని సొంతూరు మెక్సికో. అదీ దేశమంతా కాదు. నడిమధ్యన కెరెటారో, ఇదాల్గో రాష్ట్రాల సరిహద్దులో మోక్తెసుమా నది కోసుకుంటూ పోయిన లోయలున్నాయి, ఆ నిటారు వాలుల మీద రాళ్ళ సందుల్లో పెరిగేది. అందంగా ఉందని మనుషులు తవ్వుకుపోవడం ఎప్పటినుంచో ఉంది. దానికి తోడు 1990ల్లో ఆ నది మీద సిమపాన్ డ్యామ్ కట్టారు, రిజర్వాయర్ నిండేసరికి ఇది పెరిగే నేలలో పెద్ద భాగం నీళ్ళ కిందకి పోయింది. తర్వాత ఉత్తరాన సకతేకాస్ రాష్ట్రంలో కూడా కొన్ని ఉన్నట్టు తేలింది గానీ, అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల లెక్క చెప్పే ప్రపంచ ఎర్ర జాబితాలో ఇది ఇప్పటికీ ప్రమాదంలో ఉన్న జాతే. విడ్డూరం ఏంటంటే, సొంతూళ్ళో కరువైన మొక్క ప్రపంచం మొత్తం మీద ఏ నర్సరీకి వెళ్ళినా వరసలు వరసలుగా కనిపిస్తుంది. గింజ నుంచి తేలిగ్గా మొలుస్తుంది, అందుకని లక్షల్లో పెంచుతున్నారు. మీరు కొనేది అలా గింజ నుంచి పెంచిందే, అడవిలోంచి పీక్కొచ్చిందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు.

పేరు దగ్గర ఒక చిన్న హెచ్చరిక. జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో హెర్మన్ గ్రుసోన్ అనే పారిశ్రామికవేత్త పెద్దఎత్తున కాక్టస్‌లు సేకరించేవాడు, ఆయన పేరు మీద దీన్ని ఎకైనోకాక్టస్ గ్రుసోనీ అన్నారు. 2014లో దీన్ని వేరే ప్రజాతిలో పెట్టి క్రోన్‌లైనియా గ్రుసోనీ అని మార్చారు. ఆన్‌లైన్‌లో రెండు పేర్లూ నడుస్తున్నాయి. కొత్త పేరు రాసి అరుదైన రకం అని రెట్టింపు ధర చెప్పేవాళ్ళున్నారు, రెండూ ఒకటే మొక్క.

ఆ రాళ్ళ వాలు సంగతి ఎందుకు చెప్పానంటే, దీని మంచీ చెడూ అంతా అందులోనే ఉంది. వాలు మీద పడిన వాననీళ్ళు క్షణం నిలవవు, వేళ్ళు తడుస్తాయి, వెంటనే ఆరిపోతాయి. అక్కడా వానలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలోనే, చలికాలం పొడిగా ఉంటుంది. ఆ లెక్కన మన ఋతువులతో పెద్ద పేచీ లేదు. మనకి వచ్చే చిక్కల్లా వాన ఎంత పడుతుందన్న దగ్గర, కుండీలో నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయన్న దగ్గర.

మొక్కని దగ్గరగా చూడండి. పెద్దదైన గోల్డెన్ బ్యారెల్‌కి పైనుంచి కిందకి ఇరవై నుంచి ముప్ఫయ్యయిదు దాకా నిలువు గట్లు ఉంటాయి. ఆ గట్టు అంచున వరసగా చిన్న చిన్న నూగు బొడిపెలు, ఒక్కో బొడిపె నుంచి చుట్టూ ఎనిమిదో పదో సన్న ముళ్ళు, మధ్యలో మూడు నుంచి అయిదు లావు ముళ్ళు, ఆ లావువి అయిదు సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. ముల్లుని వెలుగుకి పట్టి చూస్తే నున్నగా ఉండదు, అడ్డంగా సన్నటి గీతలుంటాయి. నడినెత్తి మీద మీగడ రంగు నూగు గుత్తంగా ఉంటుంది, కొత్త ముళ్ళు అందులోంచే ముదురు పసుపులో పైకొస్తాయి, వయసు మీద పడేకొద్దీ ఎండుగడ్డి రంగుకి, ఇంకా కిందవి బూడిద రంగుకి తిరుగుతాయి. సాయంత్రం అయిదు గంటల ఎండ పక్క నుంచి పడినప్పుడు మొక్క ఆకుపచ్చ ఎక్కడా కనపడదు, అంచు మొత్తం వెలుగుతూ ఉంటుంది. దీనికి డబ్బులు పెట్టేది అందుకోసమే. కుండీ పెట్టేటప్పుడు మీరు కూర్చునే చోటుకీ పడమటి ఎండకీ మధ్యలో పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

ఆ గట్లు అందం కోసం ఉన్నవి కాదు. నీళ్ళు దొరికినప్పుడు హార్మోనియం తిత్తి విచ్చుకున్నట్టు విచ్చుకుంటాయి, నీళ్ళు లేనప్పుడు దగ్గరగా ముడుచుకుంటాయి, తొక్క పగలకుండా. ఆకులు లేవు కాబట్టి ఆకుల పని కాండమే చేస్తుంది, అది కూడా పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. దీనివల్ల నీటి ఆవిరి బాగా తగ్గుతుంది, పెరుగుదల కూడా అలాగే తగ్గుతుంది. గింజ నుంచి ఇరవై అయిదు సెంటీమీటర్ల అడ్డకొలత రావడానికి పదేళ్ళ దాకా పట్టొచ్చు. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆలోచించుకోవాలి.

పువ్వు సంగతి

గోల్డెన్ బ్యారెల్ పూయదా అంటే పూస్తుంది. నెత్తి మీది నూగులోంచి పట్టులాంటి మెరుపుతో పసుపు పూలు వలయంగా వస్తాయి, ఒక్కోటి నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్లు. కాకపోతే మొక్క సుమారు ముప్ఫయ్యయిదు, నలభై సెంటీమీటర్ల అడ్డకొలతకి రావాలి, అంటే పదిహేను ఇరవై ఏళ్ళు, అదీ నేలలో పాతి నిండా ఎండ తగిలితే. కుండీలో పెంచేవాళ్ళు పువ్వు మీద ఆశ వదిలేసుకోవడమే మేలు. అరచేతిలో పట్టే మొక్క మీద గులాబీ రంగు పువ్వుతో ఎవరైనా గోల్డెన్ బ్యారెల్ అని అమ్ముతుంటే వేలితో మెల్లగా కదిపి చూడండి, ఎండు పువ్వుని జిగురు పెట్టి అతికించి ఉంటారు. ముళ్ళకి నీలం, ఊదా, ఎరుపు రంగులు కొట్టి అమ్మేవి ఇంకో రకం మోసం, ఆ రంగు మొక్కకి తగలాల్సిన వెలుగుని ఆపేస్తుంది, కొత్తగా వచ్చే ముల్లు ఎలాగూ మామూలు రంగులోనే వస్తుంది.

పువ్వు కావాలంటే చూడాల్సింది ఫెరోకాక్టస్‌లని. ఇవీ బ్యారెల్‌లే, ఇవీ మెక్సికో, అమెరికా నైరుతి ఎడారులవే. మన నర్సరీల్లో ఎర్రముళ్ళ బ్యారెల్ అంటే ఎక్కువగా వీటిలో ఏదో ఒకటి.

వీటిలో నాకు బాగా నచ్చేది ఫెరోకాక్టస్ లాటిస్పైనస్. దీన్ని డెవిల్స్ టంగ్ అని కూడా అంటారు, ఎందుకో చూడగానే అర్థమవుతుంది. ప్రతి బొడిపె మధ్యలో ఒక ముల్లు బల్లపరుపుగా, వెడల్పుగా, ఎర్రగా వచ్చి కొస కిందకి వంగి ఉంటుంది. మొక్క ఎత్తు పెరగదు, పైన నొక్కినట్టు చదునుగా ఉంటుంది, అందుకని కుండీకి బాగా కుదురుతుంది. గోల్డెన్ బ్యారెల్‌తో పోలిస్తే చాలా చిన్న వయసులోనే మొగ్గ తొడుగుతుంది, అదీ శరదృతువు నుంచి చలికాలంలోకి, మిగతా కాక్టస్‌లు నిద్రపోయే రోజుల్లో, ఊదా గులాబీ రంగులో. ఆ మొగ్గలు విచ్చుకోవాలంటే చలికాలంలో కూడా బాగా ఎండ తగలాలి, ఉత్తరం బాల్కనీలో మొగ్గలు మొగ్గలుగానే ఎండిపోతాయి.

రెండోది ఫెరోకాక్టస్ గ్లాసెసెన్స్. ఒళ్ళు నీలి బూడిద రంగు, ముళ్ళు లేత పసుపు, తిన్నగా ఉంటాయి, వంకర కొసలు లేవు. ఇది కూడా ఇదాల్గో ప్రాంతానిదే, అంటే గోల్డెన్ బ్యారెల్‌కి ఇరుగుపొరుగు. గోల్డెన్ బ్యారెల్ రంగూ కావాలి, నా జీవితకాలంలో పువ్వూ చూడాలి అనేవాళ్ళకి నా ఓటు దీనికే. నెత్తి మీద వలయంగా పసుపు పూలు పూస్తుంది, ముళ్ళు పలచగా ఉండడంతో ఒంటి నీలం రంగు బాగా కనపడుతుంది. దొరకడం కొంచెం కష్టం, మామూలు నర్సరీలో ఉండదు, కాక్టస్‌లు మాత్రమే పెంచేవాళ్ళ దగ్గర అడగాలి. పశ్చిమ బెంగాల్‌లోని కాలింపాంగ్ కొండల్లో కాక్టస్ నర్సరీలు ఎప్పటినుంచో ఉన్నాయి. మన కడియం వైపు అయితే గోల్డెన్ బ్యారెల్, లాటిస్పైనస్ వరకు వెతకొచ్చు.

ఫెరోకాక్టస్ పైలోసస్ అని నిండు ఎరుపు ముళ్ళది ఒకటుంది, ఫోటోల్లో చూసి చాలామంది మనసు పారేసుకునేది దీని మీదే. ఇది పెద్దదైతే మనిషిని మించి పెరిగే రకం, పొలంలోనో ఫామ్‌హౌస్‌లోనో పాతుకోండి.

ఫెరోకాక్టస్‌లతో ఒక చిక్కుంది, దాన్ని అమ్మేవాళ్ళు చెప్పరు. వీటి బొడిపెల దగ్గర తీపి రసం ఊరే గ్రంథులుంటాయి, పువ్వుతో సంబంధం లేకుండానే. సొంత చోట ఆ తీపి కోసం చీమలు చేరి మొక్కకి కాపలా కాస్తాయి. పొడి వాతావరణంలో ఆ రసం ఎండిపోతుంది, ఏమీ కాదు. విశాఖలోనో కాకినాడలోనో మచిలీపట్నంలోనో అయితే గాలిలో తేమకి ఆ జిగురు మీద నల్లటి బూజు పట్టి ముళ్ళ మొదళ్ళు మసి పూసినట్టు అయిపోతాయి. మొక్క చావదు, అందం చెడుతుంది. పొద్దున్నే నీళ్ళు జల్లి కడిగి ఎండలో ఆరనివ్వాలి. గోల్డెన్ బ్యారెల్‌తో ఈ బాధ పడక్కర్లేదు, అందుకని కోస్తా వాళ్ళకి, పువ్వు ఎంత ముద్దొచ్చినా సరే, నేను గోల్డెన్ బ్యారెలే చెబుతాను, అదీ వానకి అడ్డం ఉన్న చోట పెట్టుకుంటేనే.

పిల్లలున్న ఇల్లయితే

గోల్డెన్ బ్యారెల్ ముల్లు గట్టిది, తిన్ననిది. గుచ్చుకుంటే నొప్పి, తీసేస్తే అయిపోతుంది. ఫెరోకాక్టస్ వంకర ముల్లు అలా కాదు, బట్టలో దిగితే లాగేకొద్దీ ఇంకా పట్టుకుంటుంది, కంగారుగా వెనక్కి లాక్కుంటే చర్మం చీరుకుంటుంది. నడిచే దారి పక్కన, మెట్ల మీద, ఆడుకునే చోట వంకర ముళ్ళది పెట్టకండి, అంతే. ముళ్ళ మొక్క ఇంట్లో ఉంటే అరిష్టం అనే పెద్దవాళ్ళతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు. డాబా మీద పెట్టేయండి, దానికి ఎండా దొరుకుతుంది, మీకు గొడవా తప్పుతుంది.

పసిపిల్లలో, పిల్లులో ఉంటే పొట్టిముళ్ళ గోల్డెన్ బ్యారెల్ తీసుకోమని సలహా ఇస్తుంటారు. నిజమే, అలాంటి రకం ఉంది, ముళ్ళు రెండు మూడు మిల్లీమీటర్ల మొండి ముక్కలుగా ఉండి, బొడిపెల మీది నూగు చుక్కలు వరసగా కనిపిస్తాయి. ధర మామూలుదాని కంటే బాగా ఎక్కువ. నాకైతే నచ్చదు. ముళ్ళు తీసేశాక మిగిలేది ఒక ఆకుపచ్చ గట్ల బంతి, దాని మీద ప్రతి గీరా, ప్రతి ఎండమచ్చా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పైగా ముళ్ళు మొక్కకి నీడ కూడా, ఆ నీడ లేనందువల్ల మన ఏప్రిల్ ఎండకి ఇది మామూలుదాని కంటే ముందు మాడుతుంది. తెల్లముళ్ళ రకం కూడా ఒకటి అమ్ముతారు, అది మాత్రం మామూలు దానిలాగే పెంచుకోవచ్చు, బంగారు రంగు బదులు వెండి రంగు, మీ ఇష్టం.

పసుపు మెత్తగా ఉండాలి, చిన్న కుండీ చాలు అనుకుంటే పారోడియా లెనింగ్‌హౌసీ చూడండి. దక్షిణ బ్రెజిల్‌ది. చిన్నప్పుడు గుండ్రంగా, పసుపు ముళ్ళతో ఉండడం వల్ల కొందరు దీన్ని గోల్డెన్ బాల్ అని, ఇంకా తెలివైనవాళ్ళు గోల్డెన్ బ్యారెల్ అనే అమ్మేస్తారు. చేత్తో తాకితే తేలిపోతుంది, దీని ముళ్ళు బ్రష్ పోగుల్లా వంగుతాయి, గుచ్చుకోవు. కొన్నేళ్ళకి ఇది గుండ్రంగా ఉండదు, స్తంభంగా లేస్తుంది, నెత్తి ఒక పక్కకి వాలుతుంది, మొదలు దగ్గర పిల్లమొక్కలు పెడుతుంది. ఎండ కొంచెం తక్కువైనా సర్దుకుపోతుంది, పూలు కూడా కుండీలోనే చూడొచ్చు. అపార్ట్‌మెంట్‌లో మూడు నాలుగు గంటల ఎండ మాత్రమే వచ్చేవాళ్ళకి ఈ మాట గట్టిగా చెబుతాను: గోల్డెన్ బ్యారెల్ మీద మోజుతో దాన్ని నీడలో చంపుకునే బదులు దీన్ని తీసుకోండి.

కింద ఆకుపచ్చ కాడ, పైన ఎర్ర బంతో పసుపు బంతో ఉండే మూన్ కాక్టస్‌ని ఈ పోలికలోకి తేవడమే అనవసరం. ఆ రంగు బంతికి పత్రహరితం లేదు, కింద డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడకి అంటుకట్టి బతికిస్తున్నారు, కొన్నేళ్ళకి రెండూ పొసగక పోతుంది. బల్ల మీద కొన్నాళ్ళు ముచ్చటకి సరే.

ఇంకో మాట, గుండ్రంగా గట్లుగా ఉన్నదల్లా కాక్టస్ కాదు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన యూఫోర్బియా ఒబేసా అచ్చం ముళ్ళు లేని బ్యారెల్ కాక్టస్‌లా ఉంటుంది, గీరితే తెల్లటి పాలు కారతాయి, కంట్లో పడితే ప్రమాదం. మన బొమ్మజెముడు కూడా ఆ కుటుంబమే. నాగజెముడు మాత్రం అసలైన కాక్టస్, అమెరికా ఖండం నుంచి వచ్చి మన బీళ్ళలో స్థిరపడిపోయింది. గోల్డెన్ బ్యారెల్‌లో పాలుండవు, విషం లేదు, పిల్లి కొరికినా ముల్లు గుచ్చుకోవడం తప్ప ఇంకేమీ కాదు. అలాగని సినిమాల్లో చూపించినట్టు బ్యారెల్ కాక్టస్ కోసి నీళ్ళు తాగొచ్చనుకోకండి. లోపల నీళ్ళ ట్యాంకు ఏమీ ఉండదు, జిగట గుజ్జు ఉంటుంది, చాలా ఫెరోకాక్టస్‌ల గుజ్జు తింటే కడుపులో తిప్పి విరేచనాలు పట్టుకుంటాయి.

ఏ సైజుది కొనాలి

జాతి ఎంచుకోవడం కంటే ఇదే పెద్ద నిర్ణయం అంటాను. నర్సరీల్లో ధర అంగుళాల మీద నడుస్తుంది, రెండంగుళాల దానికీ పన్నెండంగుళాల దానికీ మధ్య ధర ఆరు రెట్లు కాదు, అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, ఎందుకంటే మీరు కొంటున్నది ఎవరో నీళ్ళు పోసి పెంచిన సంవత్సరాలని.

రెండంగుళాల పిల్ల మొక్క చవక. అయితే అది గోల్డెన్ బ్యారెల్‌లా ఉండదని తెలుసుకోండి. చిన్నప్పుడు దీనికి గట్లు ఉండవు, విడివిడి బొడిపెలే ఉంటాయి, మామిలారియా అనే వేరే కాక్టస్ అనుకుంటారు. బొడిపెలు కలిసి గట్టుగా మారడానికి కొన్నేళ్ళు పడుతుంది. అంత చిన్నదాంట్లో నీళ్ళ నిల్వ తక్కువ, వేళ్ళు సన్నం, ఒకసారి ఎక్కువ తడిసినా, ఊరెళ్ళి మరీ ఎండబెట్టినా పోతుంది. పెంచడం మీద సరదా ఉన్నవాళ్ళకి ఇది సరైన సైజు, కొనగానే అందంగా కనపడాలనేవాళ్ళకి కాదు.

పన్నెండంగుళాలు, ఆపైవి చూడ్డానికి అదిరిపోతాయి. బరువు చూసుకోండి, మట్టితో సహా ఇద్దరు పట్టాల్సిందే, బాల్కనీ అంచున పెట్టే సంగతి మర్చిపోండి. ఇంత పెద్దవి తరచుగా నేలలోంచి తవ్వి వేళ్ళు కత్తిరించి ఈమధ్యే కుండీలో దిగేసినవి అయ్యుంటాయి. కుండీ పట్టుకుని మొక్కని మెల్లగా కదపండి, పునాది లేనట్టు ఊగితే వేళ్ళు ఇంకా పట్టలేదు. అలాంటిది వానాకాలంలో కొంటే కింద నుంచి కుళ్ళు మొదలై, పైకి తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది.

అందుకని నాలుగు నుంచి ఆరంగుళాల మధ్యది కొనమంటాను. గట్లు ఏర్పడి ఉంటాయి, ముళ్ళ రంగు వచ్చి ఉంటుంది, వేళ్ళు గట్టిపడి ఉంటాయి, కుండీ ఒక మనిషి ఎత్తగలడు.

ఏ సైజైనా చూసి తీసుకోవాల్సినవి ఇవి. నెత్తి చదునుగా, వెడల్పుగా, నూగుతో ఉండాలి. శంకువులా పైకి సాగి అక్కడ ముళ్ళు పలచబడి ఉంటే ఎండ చాలక సాగిపోయిందన్నమాట, ఆ సాగిన ఆకారం మళ్ళీ సరికాదు, తర్వాత ఎంత బాగా పెరిగినా నడుము దగ్గర నొక్కు మిగిలిపోతుంది. అడుగున గోధుమరంగులో బెరడు కట్టి గట్టిగా ఉంటే భయపడకండి, అది వయసు. అదే రంగు మెత్తగా ఉండి పుల్లతో నొక్కితే దిగిపోతే వదిలేయండి. నెత్తి నూగులో, గట్ల సందుల్లో తెల్లటి దూది ముక్కలు కనపడితే నూగు అనుకుని మోసపోవద్దు, పిండినల్లి పురుగు అయ్యుండొచ్చు. నూగు బొడిపెల వరస తప్పదు, పిండినల్లి ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. ఎండ పడే వైపు పసుపు తిరిగి తోలు అయిన మచ్చ ఉంటే బేరమాడండి, మొక్కకి ప్రమాదం లేదు గానీ ఆ మచ్చ పోదు.

మీ ఊరు, మీ ఇల్లు

అనంతపురం, కర్నూలు, కడప వాళ్ళకి నేను కొత్తగా చెప్పేది తక్కువ. గాలి పొడి, ఎండ పుష్కలం, నేలలో పాతేయొచ్చు. నల్లరేగడి అయితే మాత్రం నేరుగా పాతకండి, అది తడి పట్టుకుని వదలదు. అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, ఎర్రమట్టిలో సగానికి పైగా ముతక ఇసుక, చిన్న కంకర కలిపి దాని మీద పెట్టండి. హైదరాబాదులో డాబా మీద కుండీలో హాయిగా ఉంటుంది, చలికాలం చలి దీనికి లెక్కలోది కాదు, ఏకధాటిగా ముసురు పట్టే ఆగస్టు వారాల్లో మాత్రం రేకు కిందకో సన్‌షేడ్ కిందకో జరపండి. కోస్తాలో వానకి అడ్డం తప్పనిసరి, నెల్లూరు వైపు అయితే అది అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంకా ముఖ్యం.

కుండీ మట్టిది, మొక్క కంటే రెండంగుళాలే వెడల్పుది, అడుగున పెద్ద కన్నం ఉన్నది. అందంగా ఉందని కన్నం లేని పింగాణీ గిన్నెలో పెట్టి పైన తెల్లరాళ్ళు పరిచి అమ్ముతారు చూడండి, ఇంటికి రాగానే అందులోంచి తీసేయండి. కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పొట్టులో ఉన్నదీ అంతే, అది ఒకసారి బాగా ఎండితే నీళ్ళు పట్టదు, ఒకసారి తడిస్తే ఆరదు. నీళ్ళ విషయంలో గోల్డెన్ బ్యారెల్‌కీ, ఫెరోకాక్టస్‌లకీ పెద్ద తేడా లేదు: పెరిగే నెలల్లో మట్టి పూర్తిగా ఆరాక నిండుగా పోయడం, చలికాలంలో దాదాపు మానేయడం. పారోడియాకి మాత్రం చలికాలంలో కూడా అప్పుడప్పుడు కాసిని పోయాలి, పూర్తిగా ఎండగడితే దాని వేళ్ళు పోతాయి.

అమెరికాలో ఫీనిక్స్, టూసాన్‌లలో ఉన్న మనవాళ్ళకి గోల్డెన్ బ్యారెల్ వీధివీధినా కనిపిస్తుంది, ఇంటి ముందు గడ్డి తీసేసి ఇవి వేసుకుంటారు. అక్కడ పోలిక స్థానికంగా పుట్టిన ఫిష్‌హుక్ బ్యారెల్‌తో, అంటే ఫెరోకాక్టస్ విస్లిజెనీతో. అది చలికి ఇంకొంచెం ఓర్చుకుంటుంది, ఎండాకాలం చివర నారింజ పూలు, తర్వాత నెలల తరబడి నిలిచే పసుపు కాయలు వస్తాయి, వయసు పెరిగేకొద్దీ దక్షిణం వైపు వాలుతుంది. నడకదారి పక్కన వంకర ముళ్ళు కాబట్టి జాగ్రత్త. ఊరి బయట ఎడారిలో కనపడింది కదా అని తవ్వి తెచ్చుకోకండి, అరిజోనాలో స్థానిక కాక్టస్‌లకి చట్టరక్షణ ఉంది, అనుమతి కాగితం కావాలి. డల్లాస్ వైపు నేలలో గోల్డెన్ బ్యారెల్ పాతడం జూదమే. పొడిగా ఉంటే సున్నా కింద కొన్ని డిగ్రీలు కొద్దిసేపు తట్టుకుంటుంది గానీ 2021 ఫిబ్రవరిలో వచ్చినలాంటి రోజుల తరబడి గడ్డకట్టే చలికి ఆగదు. న్యూజెర్సీ, చికాగోల్లో కుండీ తప్ప దారి లేదు, వేసవిలో బయట, చలికాలంలో దక్షిణం కిటికీ దగ్గర నీళ్ళు లేకుండా. అక్కడ పెద్దది కొని ఏటా రెండుసార్లు లోపలికీ బయటికీ మోయడం కంటే చిన్న లాటిస్పైనస్ పెంచుకోవడం నడుముకి మంచిది.

ఎప్పుడు కొనాలన్నది కూడా ఎంపికలో భాగమే. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో కొనండి. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కని ఏప్రిల్‌లో తెచ్చి నేరుగా డాబా ఎండలో పెడితే రెండు రోజుల్లో ఒక పక్క తెల్లగా కాలిపోతుంది, ఎడారి మొక్కే కదా అన్న ధీమా పనికిరాదు. చలికాలపు ఎండలో అలవాటు పడితే మే నాటికి తట్టుకుంటుంది. కొనేటప్పుడే దక్షిణం వైపు ఏ పక్క ఉందో చూసి కుండీ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని ఇంట్లో కూడా అదే పక్క దక్షిణానికి తిప్పి పెట్టండి. తెచ్చేటప్పుడు నాలుగు మడతల న్యూస్‌పేపర్ పట్టీలా చుట్టి రెండు కొసలూ పట్టుకుని ఎత్తండి, గోల్డెన్ బ్యారెల్ అయితే ఇది చాలు. వంకర ముళ్ళ ఫెరోకాక్టస్ అయితే పాత థర్మాకోల్ షీటు ముక్కలు అడగండి, టవల్ మాత్రం వాడకండి, ముళ్ళకి పట్టుకున్న టవల్ ఊడదీయడం మొక్క నాటడం కంటే పెద్ద పని.